ఎస్తేరు టీచరమ్మ ఆటల కట్ట

ఎస్తేరు తన ఉద్యోగంలో మొట్టమొదట కొట్టిన పిల్ల పేరు ఈదమ్మ. ఇరవై దాకా లెక్కపెట్టమంటే ఆ పిల్ల పన్నెండు దగ్గర ఆగిపోయి, బయట తిరుగుతున్న క్రేను వంక చూసింది. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ పన్నెండు దగ్గరే ఆగింది. మూడోసారికి బెత్తం అరచేతి మీద పడింది. పిల్ల ఏడవలేదు. చెయ్యి పావడాకు రుద్దుకుని వెళ్ళి తన చోట కూర్చుంది.

అది 1958 ఆగస్టు. నాగార్జునసాగరం కుడిగట్టున, కూలీల గుడిసెల నడుమ, రేకుల షెడ్డులో పెట్టిన బడి. కింద నాపరాళ్ళు పరిచారు కాబట్టి వానాకాలం బురద లేదు. అదొక్కటే సుఖం. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చోవడం పెనం మీద కూర్చోవడమే. ఏ టీచరూ ఆ బడికి రావడానికి ఒప్పుకోలేదు. ఎస్తేరు మాత్రం అడిగి మరీ వేయించుకుంది. ఆమె భర్త జయరాజు డ్యామ్ పనిలోనే, రాళ్ళు తొలిచే ఉలులకు పదును పెట్టే కొలిమి దగ్గర ఉండేవాడు.

ఆమెది ఈపూరు. తండ్రి నెహెమ్యా ఊరి ఆసాముల చేలల్లో పనిచేస్తూ, బైబిలు చదవాలన్న పట్టుదలతో ముప్పయ్యేళ్ళు దాటాక అక్షరాలు దిద్దుకున్న మనిషి. కూతురు ఎనిమిదో తరగతి గట్టెక్కగానే మిషనువాళ్ళ దగ్గర టీచరు ట్రైనింగులో చేర్పించాడు. ట్రైనింగులో ఆమె నేర్చుకున్న పాఠం చెప్పే పద్ధతి ఒక్కటే. టీచరు చెప్పాలి, పిల్లలు వల్లించాలి. వల్లించనివాళ్ళకు బెత్తం ఉంది.

ఆ పద్ధతి కుడిగట్టు బడిలో నాలుగు రోజులు కూడా నడవలేదు. అరవై ముగ్గురు పిల్లలు. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చినవాళ్ళ పిల్లలు, తమిళ దేశం నుంచి వచ్చిన రాతిపనివాళ్ళ పిల్లలు, రాయచూరు వైపు కన్నడంవాళ్ళు, మిగతా మాచర్ల చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. ఈమె ఒకటి చెబితే వాళ్ళకు నాలుగు రకాలుగా వినపడేది. మందుగుండు పేల్చే ముందు కూత వేసేవాళ్ళు. కూత వినగానే పిల్లలందరూ చెప్పకుండానే తలలు మోకాళ్ళ మధ్య దాచుకునేవాళ్ళు. బడి మొత్తం ఒక్కమాట మీద చేసే పని అదొక్కటే.

ఈదమ్మను కొట్టిన రోజు మధ్యాహ్నం ఎస్తేరు గిన్నె విప్పుకుని జొన్నరొట్టె తింటూ గుమ్మం దగ్గర కూర్చుంది. షెడ్డు నీడన ఈదమ్మ, చెల్లమ్మాళ్ అనే తమిళ పిల్ల అచ్చనగాయలు ఆడుతున్నారు. అయిదు కంకర రాళ్ళు. ఒకటి ఎగరేసి కిందివి ఏరడం, ఒకట్లు, రెళ్ళు, మూళ్ళు. చివర అయిదూ ఎగరేసి చేతి వెనక ఎన్ని నిలిస్తే ఒక్కోదానికి పది. ఈదమ్మ తన లెక్క తెలుగులో చెబుతోంది, చెల్లమ్మాళ్ అరవంలో చెబుతోంది. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా తగువు లేదు.

"నాకు నూటముప్పై అయినై. నీకు అరవై. నువ్వింక డెబ్బై ఎనకున్నవ్," అంది ఈదమ్మ. చెల్లమ్మాళ్ వేళ్ళు విప్పి చూపించి, అవునన్నట్టు తల ఊపింది.

ఎస్తేరు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఇరవై లెక్కపెట్టడం రాదని పొద్దున తను కొట్టిన పిల్ల నూటముప్పైలోంచి అరవై తీసేసింది. అదీ రాయి గాల్లో ఉండగా. ఆ పిల్లకు లెక్క రాకపోవడం కాదు, తను అడిగిన తీరుకు ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. అంతే.

చెయ్యి కడుక్కుని వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది. పిల్లలిద్దరూ రాళ్ళు వదిలేసి బిగుసుకుపోయారు.

"నాక్కూడా ఒక వంతు ఇవ్వండే," అంది ఎస్తేరు.

ఈదమ్మ అనుమానంగా చూసి రాళ్ళు ముందుకు తోసింది. ఎస్తేరు చిన్నప్పుడు ఈపూరులో ఆడిన ఆటే. కానీ చెయ్యి మర్చిపోయింది. రెండో రాయికే జారిపోయింది. చెల్లమ్మాళ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడోసారి రాయి ఎగిరివచ్చి టీచరమ్మ నుదుటి మీదే పడేసరికి పిల్లలిద్దరూ ఆపుకోలేక నవ్వేశారు. వాళ్ళ వెనక ఇరవైమంది చేరారు. ఆ నవ్వుల్లో ఈదమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, "అట్ల గాదు టీచరమ్మా, చెయ్యి మెత్తగ పెట్టాలె," అని నేర్పింది. పొద్దున దెబ్బ తిన్న అరచెయ్యే అది.

మర్నాటి నుంచి బెత్తం షెడ్డు దూలం మీదికి పోయింది. నాపరాళ్ళ మీద సుద్దతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి, గడికో అక్షరం రాసింది. ఏ గడిలో బిళ్ళ పడితే ఆ అక్షరంతో మాట చెప్పాలి. తెలుగు రానివాళ్ళకు పక్కవాళ్ళు అందించేవాళ్ళు, అందులోనే నేర్చుకునేవాళ్ళు. చింతపిక్కలతో కూడికలు, పులీ మేకల గళ్ళతో గీతలూ కోణాలూ. ఏడాది తిరిగేసరికి కన్నడం పిల్లలు తెలుగులో తిట్టుకునేదాకా వచ్చారు.

అమరేశ్వరరావు గారు ఆ తాలూకా బడుల ఇన్‌స్పెక్టరు. ఆయన వచ్చేసరికి షెడ్డులో ముప్పైమంది ఒంటికాలి మీద గెంతుతున్నారు.

"ఏందమ్మా ఇది? బడా, తిరునాళ్ళా?"

"అక్షరాలు నేర్చుకుంటన్నారు సార్."

"కాళ్ళతోనా?"

ఆయన తనిఖీ పుస్తకంలో మూడు ముక్కలు రాసి వెళ్ళిపోయాడు. 'పిల్లలు ఆడుచున్నారు. బోధన జరుగుచున్నట్లు కనుపించలేదు. ఉపాధ్యాయిని మూడు మాసములలో తన పద్ధతి మార్చుకొనవలెను.'

ఆమె భయపడింది. నెహెమ్యా కూతురు ఉద్యోగం పోగొట్టుకుందంటే ఈపూరులో ఆ ముసలాయన తలెత్తుకోలేడు. మళ్ళీ వల్లింపు మొదలుపెట్టింది. బెత్తం దించలేదు కానీ గొంతు పెంచింది. రెండు వారాల్లో అరవై ముగ్గురు పిల్లలు పంతొమ్మిదిమందికి దిగారు. మిగతావాళ్ళు తల్లుల వెంట కంకర కుప్పల దగ్గరికి పోయారు.

ఆ పంతొమ్మిదిమందిని చూసి జయరాజుతో అంది. "సార్ మాట వింటే పిల్లలు పోతన్నారు. పిల్లల మాట వింటే ఉద్యోగం పోయిద్ది."

"ఉలి మొద్దుబారితే నేను రాయిని తిట్టను," అన్నాడు జయరాజు. "నీ ఉద్యోగం పోతే నా కొలిమి ఉందిగా. చూద్దాంలే."

ఆ మాట మీద సోమవారం మళ్ళీ గళ్ళు గీసింది. మూడు మాసాలయినా ఇన్‌స్పెక్టరు రాలేదు. ఆయన చేతి కింద నూటికి పైగా బడులున్నాయి. ఆమె మాత్రం బయట జీపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడేది.

1960 జనవరిలో ఒక జీపు నిజంగానే షెడ్డు ముందు ఆగింది. దిగింది ఇన్‌స్పెక్టరు కాదు, తెల్లచొక్కా వేసుకున్న ఒక పొట్టి విదేశీ ఆడమనిషి. డ్యామ్ చూడటానికి వచ్చిన జపాను ఇంజనీరు చెల్లెలట. అన్నగారు రాతికట్టుబడి చూస్తుంటే ఈమె పిల్లల గోల విని ఇటు వచ్చింది. పేరు ఫుమికో. ఆమె కూడా బడి పంతులమ్మే. వాళ్ళ దేశపు ఉత్తర దిక్కున, బొగ్గు గనుల ఊళ్ళో చెబుతుందట. ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం, ఎస్తేరు ఇంగ్లీషు అంతకన్నా తక్కువ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఫుమికో అడిగింది ఒక్కటే. ఈదమ్మ చేతిలో రాళ్ళు చూపించి, నేను ఆడొచ్చా అన్నట్టు సైగ చేసింది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అయిదు రాళ్ళూ ఎగరేసింది. ఒక్కటీ జారలేదు. ఏదో లెక్కల పాట పాడుకుంటూ రెండు చేతుల మధ్య రాళ్ళను నీళ్ళధారలా తిప్పింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు.

"ఈమెకెట్ల వచ్చె మన ఆట?" అంది ఈదమ్మ కాస్త కోపంగా, తన సొమ్మెవరో ఎత్తుకెళ్ళినట్టు.

ఫుమికో రెండు గంటలు ఉంది. తొక్కుడుబిళ్ళ గళ్ళను తన పుస్తకంలో గీసుకుంది. పోతూ పోతూ ఎస్తేరు చేత చిరునామా రాయించుకుంది.

ఉత్తరం మార్చిలో వచ్చింది. సగం బొమ్మలే. ఇంగ్లీషు ముక్కలు చదివిపెట్టింది నూర్ మొహమ్మద్. ఆయన డ్యామ్ స్టోర్స్‌లో గుమాస్తా, జయరాజు వాళ్ళ గుడిసెకు నాలుగిళ్ళ అవతల కాపురం. ఎస్తేరు ఆయన్ను అన్నా అనేది. ఫుమికో రాసింది ఇది: 'మీ గళ్ళ ఆట మా బడిలో పెట్టాను. మొదటి వారం పూర్తిగా చెడిపోయింది. మగపిల్లలు అది ఆడపిల్లల ఆట అని బయటికి పోయారు. రెండో వారం గళ్ళు గీసే పని వాళ్ళకే అప్పగించాను. అప్పుడు వచ్చారు. మీ బడిలో ఏది చెడిపోయింది? మీరేం చేశారు? దయచేసి రాయండి.'

"ఏం రాయమంటావు చెల్లెమ్మా?" అన్నాడు నూర్ మొహమ్మద్ కలం విదిలిస్తూ.

ఎస్తేరు ఆలోచించింది. పై దేశం మనిషి. మన బడి పరువు, డ్యామ్ పరువు, దేశం పరువు. "మా దగ్గర అంతా బాగా జరుగుతంది అని రాయన్నా. పిల్లలు చానా బాగా నేర్చుకుంటన్నారని రాయి."

నూర్ మొహమ్మద్ స్టోర్స్ ఇంగ్లీషులో, తమ దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా అన్న ధోరణిలో రెండు పేజీలు నింపాడు. సిమెంటు బస్తాలకు ఇండెంటు పెట్టినట్టుంది.

జవాబు మూడు నెలలకు వచ్చింది, నాలుగే వాక్యాలు. 'మీ ఉత్తరం అందింది. మీ బడిలో ఏదీ చెడిపోదని తెలిసి నాకు సంతోషమూ భయమూ రెండూ కలిగాయి. నేను అంత మంచి టీచర్ని కాను. మీతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు.'

నూర్ మొహమ్మద్ చదివి కాగితం మడిచాడు. "ఎంత మర్యాదగా వాతపెట్టిందమ్మా!" అన్నాడు. ఎస్తేరు ముందు నవ్వింది. తర్వాత వారం రోజులు ఆ నాలుగు వాక్యాలు ఆమెను కూర్చోనివ్వలేదు.

అబద్ధం రాశానని ఆమెకు తెలుసు. ఎందుకంటే ఆ నెలల్లోనే బడిలో ఏదో తేడా వచ్చింది. అచ్చనగాయలతో లెక్కలు చక్కగా వస్తున్నాయని, దాన్ని రోజూ పదకొండు గంటలకు పెట్టింది. వంతులు తనే పంచింది, ఎవరికెన్ని వచ్చాయో నల్లబల్ల మీద రాసింది. తప్పు చెప్పినవాళ్ళను మళ్ళీ మొదటినుంచి ఆడించింది. కొన్నాళ్ళకు పిల్లలు మధ్యాహ్నం నీడలో రాళ్ళు తీయడం మానేశారు. ఊరికే కూర్చుంటున్నారు.

ఒకరోజు ఈదమ్మను పక్కకు పిలిచి అడిగింది. "ఏమే, ఇప్పుడు అచ్చనగాయలు ఆడటంలేదేం?"

పిల్ల కాలి బొటనవేలితో నేల గీసింది. "గది ఆట గాదు టీచరమ్మా. లెక్కలే. మా ఆట నువ్వు దీస్కపోయినవ్."

ఎస్తేరు మధ్యాహ్నం బడి వదిలేసి షెడ్డులో ఒక్కతే కూర్చుని, నూర్ మొహమ్మద్‌ను పిలవకుండా తనే ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. అది తప్పుల తడక. అర్థం మాత్రం ఇది: 'ముందు నేను మీకు అబద్ధం రాశాను. మా ఇన్‌స్పెక్టరుకు భయపడి పిల్లలను పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఆటను పాఠం చేశాను, వాళ్ళు ఆడటం మానేశారు. పిల్లల ఆట పిల్లలకు తిరిగి ఎలా ఇవ్వాలో మీకు తెలుసా? నాకు తెలియదు.' కింద అయిదు రాళ్ళ బొమ్మ వేసి, పక్కన ముఖం తిప్పుకుని కూర్చున్న పిల్ల బొమ్మ వేసింది.

ఫుమికో జవాబు ఎనిమిది పేజీలు వచ్చింది. తనకూ తెలియదట. కానీ ఒక ఉపాయం చేసిందట. టోక్యోలో టీచర్ల సభలో పరిచయమైన ఇద్దరికి ఎస్తేరు ఉత్తరం నకలు పంపిందట. ఒకామె సిలోన్‌లో తేయాకు తోటల బడి టీచరు పరమేశ్వరి. ఇంకొకాయన ఆఫ్రికాలో, ఘనా దేశంలో, వోల్టా నది మీద కడుతున్న డ్యామ్ దగ్గర కూలీల పిల్లలకు చదువు చెప్పే క్వాబెనా మాస్టారు. 'మనం నలుగురం కష్టపడి పనిచేసేవాళ్ళ పిల్లలకు చెబుతున్నాం. ఒకే కట్ట నలుగురి దగ్గరికీ తిరగనిద్దాం,' అని రాసింది.

అలా మొదలైంది కట్ట. గుడ్డసంచిలో కుట్టిన కాగితాల పొట్లం. అందినవాళ్ళు అందరి కాగితాలూ చదువుకుని, బడిలో ఆడించి చూసి, తమ పాత కాగితం తీసేసి కొత్తది పెట్టి వరసలో తర్వాతి దేశానికి పంపాలి. ఆట ఎలా ఆడారో రాస్తే చాలదు, ఎక్కడ చెడిందో రాయనివాళ్ళ కాగితం కట్టలో ఉండకూడదు. ఆ నిబంధన పరమేశ్వరి పెట్టింది. సముద్రాలు దాటి ఒక చుట్టు తిరిగి రావడానికి ఏడెనిమిది నెలలు పట్టేది. పోస్టాఫీసులో ఆ దేశదేశాల తపాలా బిళ్ళలు చూసి పోస్టుమాస్టరు తనే షెడ్డు దాకా నడిచి వచ్చి ఇచ్చేవాడు.

ఆట తిరిగి ఇచ్చే దారి కూడా ఆ కట్టలోనే దొరికింది. పరమేశ్వరి రాసింది. 'నా బడిలో ఆటకు పెద్ద నేను కాదు. వారానికొక పిల్ల పెద్ద. ఆ వారం నేను ఆమె చెప్పినట్టు వినాలి. నాకు చాలా కష్టంగా ఉంది.' ఎస్తేరు ఈదమ్మను పెద్దను చేసింది. ఈదమ్మ మొట్టమొదట జారీ చేసిన ఆజ్ఞ, నల్లబల్ల మీద లెక్కలు తుడిచెయ్యమని. రెండోది, టీచరమ్మ రోజూ అందరికన్నా ఆఖర్న ఆడాలని. ఎస్తేరు రెండూ పాటించింది. పది రోజులకు నీడలో మళ్ళీ రాళ్ళ చప్పుడు వినపడింది. ఆమె అటు వెళ్ళలేదు. గుమ్మంలోనే కూర్చుని విన్నది.

క్వాబెనా మాస్టారి మొదటి కాగితం 1962లో వచ్చింది. రెండు వరసల గుంటలు, వరసకు ఆరు, గుంటకు నాలుగు గింజలు. ఎస్తేరు బొమ్మ విప్పి చూపగానే పిల్లలు గొల్లుమన్నారు.

"వామనగుంటలు! మన వామనగుంటలే గదా!"

"మనకు ఏడుండాలి. వీళ్ళకు ఒకటి తక్కువ."

"గింజ గూడా తక్కువే. మనకు గుంటకు అయిదు."

మొత్తం గింజలు ఎవరికి ఎక్కువ అన్న తగువు వచ్చింది. ఎస్తేరు దాన్ని వాళ్ళకే వదిలేసింది. చెల్లమ్మాళ్ బయట నేల మీద గుంటలు తవ్వి, గింజలు పోసి, వాళ్ళకు నలభై ఎనిమిది, మనకు డెబ్బై అని తేల్చింది. తర్వాత రెండు రకాలూ ఆడి, ఆరు గుంటల ఆట తొందరగా తెములుతుంది కాబట్టి మధ్యాహ్నం సెలవుకు అదే మంచిదని తీర్మానించారు.

మర్నాడు ఈదమ్మ తల్లి బాలమ్మ తట్ట నెత్తిన ఉండగానే షెడ్డు దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా, మేమెట్లాగు మట్టి మోస్తనే ఉన్నం. మా పిల్లలు బడికొచ్చి గూడ గుంటలు తవ్వుడేనా?"

క్వాబెనా మాస్టారి కాగితం అడుగున సరిగ్గా ఇదే మాట ఉంది. అక్కడి తల్లులూ వచ్చి, చదువుకు పంపితే మట్టి తవ్విస్తావా అని అడిగారట. ఆయన వాళ్ళకు ఏమీ చెప్పలేక గింజలు చేతికిచ్చాడట. ఎస్తేరు ఆ ముక్క చదివి తెలుగులో చెప్పింది.

"ఆడ గూడ డ్యామ్ గడుతున్రా?" అంది బాలమ్మ.

"కడుతన్నారు. నీలాంటోళ్ళే మోస్తన్నారు."

బాలమ్మ తట్ట దించింది. కూతురి ఎదురుగా కూర్చుని గింజలు వేసింది. చిన్నప్పుడు ఆడిన చెయ్యి మర్చిపోలేదు. మూడు ఆటల్లో రెండు గెలిచింది. లేచి కొంగు దులుపుకుంటూ, "నా బిడ్డ గింజలు పెట్టకముందే లెక్క జెప్తుంది," అని పక్కవాళ్ళతో అంది. మళ్ళీ తగువుకు రాలేదు. ఆ ముక్క ఎస్తేరు కట్టలో రాసి పంపింది.

అమరేశ్వరరావు గారు రెండోసారి వచ్చింది 1963 నవంబరులో. ఈసారి ఆయన కుర్చీలో కూర్చుని, నాలుగో తరగతి పిల్లలను వరసగా నిలబెట్టి లెక్కలు అడిగాడు. నోటిలెక్కలు, భిన్నాలు, తూకాలు. చెల్లమ్మాళ్ జవాబు చెప్పి, ఆ లెక్కనే ఇంకో దారిలో చేయొచ్చని చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బల్ల మీద ఆ మూట ఏందమ్మా?"

ఎస్తేరు కట్ట చేతికిచ్చింది. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఒక్కో కాగితం తీసి చదివాడు. మధ్యలో ఒకచోట ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. అది ఎస్తేరు మొదటి నిజం ఉత్తరం, ఇన్‌స్పెక్టరుకు భయపడి పిల్లలను పోగొట్టుకున్నానన్న ఉత్తరం. కట్టలో అది నకలుగా ఉండిపోయిన సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. భూమి చీలితే బాగుండుననుకుంది.

"నా సంగతి జపాను దాకా పోయిందన్నమాట," అన్నాడు ఆయన.

"తప్పయింది సార్."

"తప్పు నీది కాదులే." ఆయన కాగితాలు జాగ్రత్తగా సర్దాడు. "పిల్లలు ఆడుతూ నేర్చుకుంటారని మాకు ట్రైనింగులో చెప్పారమ్మా. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. తర్వాత తనిఖీలు చేస్తా చేస్తా మర్చిపోయా." మూట తిరిగి ఆమె చేతికిచ్చాడు. "మాచర్లలో నెలకోసారి టీచర్ల మీటింగు జరుగుద్ది గదా. ఈసారి ఈ కట్ట తీసుకొని రా. నువ్వే చెప్పు."

మీటింగుకు నలభైమంది వచ్చారు. ఎస్తేరు అంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆటలు, జపాను, ఆఫ్రికా అనగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. "మా పిల్లలకు ఆడటం ఒకరు నేర్పాలా?" అన్నారెవరో. ఆమె ఆటల గురించి చెప్పాలనుకున్నదంతా పక్కన పెట్టి, ఈదమ్మ మాట చెప్పింది. మా ఆట నువ్వు తీసుకుపోయావన్న మాట. తను బెత్తం ఎత్తింది, భయపడింది, అబద్ధం రాసింది, ఏదీ దాచకుండా చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి.

ముందు వరసలోంచి బసవపున్నయ్య మాస్టారు లేచాడు. గురజాల దగ్గర పల్లెలో పనిచేసే, తల నెరిసిన మనిషి.

"ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది," అన్నాడు. "నీ బడిలో ఎంతమంది పాసయ్యారని అడిగారు. రిజిస్టరు రాశావా అని అడిగారు. నీకేది చెడిపోయింది మాస్టారూ అని ఇంతవరకు ఒక్కరూ అడగలా." ఆయన వెనక బెంచీల వైపు తిరిగాడు. "నా బడిలో మూడో తరగతి వచ్చేసరికి ఆడపిల్లలు నోరు మూసుకుంటారు. ఎందుకో నాకు తెలవదు. ఎవరికన్నా తెలుసా?"

ఉర్దూ బడి నుంచి వచ్చిన బషీరున్నీసా మెల్లగా చెయ్యెత్తింది. "మా బళ్ళో కూడా అంతే మాస్టారూ. నేనొకటి చేసి చూశాను. సగమే పనిచేసింది," అని మొదలుపెట్టింది. అమరేశ్వరరావు గారు గడియారం చూసుకుని, చూసుకున్నది ఎవరూ గమనించకముందే చెయ్యి దించేసుకున్నాడు. ఆ మీటింగు సాయంత్రం బస్సు వెళ్ళిపోయేదాకా సాగింది.

ఆ రోజు నుంచి మాచర్లలో కూడా ఒక కట్ట తిరగడం మొదలైంది. బస్సు కండక్టర్ల చేతుల మీదుగా, రైల్లో, సైకిళ్ళ మీద. కట్టలో నుంచి మంచి కాగితాలు ఎంచి, నూర్ మొహమ్మద్ ఇంగ్లీషు చేస్తే, పెద్ద కట్టలో పెట్టి సముద్రం దాటించేవాళ్ళు. ఆయన ఇంగ్లీషు కూడా మారింది. దివ్యసముఖాలు పోయి, మామూలు మనుషుల మాటలు వచ్చాయి. బషీరున్నీసా ఒకసారి మొండికేసి తన కాగితం ఉర్దూలోనే పంపింది. క్వాబెనా మాస్టారు జవాబు రాశాడు. చదవలేకపోయారట గానీ, బొమ్మలు చూసి ఆడారట. ఆ ఆట వాళ్ళ ఊళ్ళో ఎంత బాగుందంటే, పెద్దవాళ్ళు కూడా చుట్టూ చేరుతున్నారట.

అన్నీ నిలవలేదు. రెండేళ్ళు రాసినవాళ్ళు కొందరు మానేశారు. ఒక ఏడాది కట్ట ఏ రేవులోనో తప్పిపోయింది, నలుగురి రాతలూ పోయాయి. ఎస్తేరు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఫుమికో మాత్రం తనకు గుర్తున్నంతవరకు అందరి ఆటలూ మళ్ళీ గీసి, కొత్త సంచి కుట్టి పంపింది.

1967 ఆగస్టులో కుడికాలువకు నీళ్ళు వదిలారు. బండరాళ్ళ మధ్య ఆ నీళ్ళు పోతుంటే ఎస్తేరు బడి పిల్లలు గట్టు వెంట ఆయాసపడుతూ పరుగెత్తారు. ఆ తర్వాత గుడిసెలు ఒకటొకటే లేచిపోయాయి. చెల్లమ్మాళ్ తండ్రి ఇంకెక్కడో ప్రాజెక్టుకు కుటుంబంతో వెళ్ళాడు. బాలమ్మ పాలమూరు ప్రయాణమైంది. ఈదమ్మకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. రెండేళ్ళుగా చిన్నపిల్లల తరగతి ఆమే చూసుకుంటోంది. పోయేముందు అడిగింది.

"టీచరమ్మా, మా ఊర్ల బడి లేదు. నేను పిల్లల్ని కూసోబెట్టుకుంటే మీ కట్ట నాకు గూడ పంపుతరా?"

"నువ్వు రాస్తే పంపుతా."

"రాస్త. చెడింది గూడ రాస్త," అంది ఈదమ్మ. చిరునామా తన చేత్తో, గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చింది. ఆరు నెలలకు మొదటి కాగితం వచ్చింది. పద్నాలుగుమంది పిల్లలు, వేపచెట్టు కింద బడి, ఇద్దరు మాత్రం రోజూ పారిపోతున్నారు, ఏం చెయ్యాలి అని.

కుడిగట్టు బడి ఎత్తేశాక ఎస్తేరును బొల్లాపల్లి దగ్గర ఒక మెట్ట పల్లెకు వేశారు. జయరాజు అక్కడే కొలిమి పెట్టుకున్నాడు, నాగళ్ళకూ గొర్రులకూ పని దొరికింది. మాచర్ల దూరమైందని ఆమె దిగులుపడింది కానీ, ఆ దిగులు రెండు నెలలే. 1968 మొదట్లో ఒక ఆదివారం బసవపున్నయ్య మాస్టారు, బషీరున్నీసా ఇంకో అయిదుగురిని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి ఆ ఊరు వచ్చారు. ఇక నుంచి మీటింగు ఒక నెల మాచర్లలో, ఒక నెల ఇక్కడ అని వాళ్ళే తేల్చుకుని వచ్చారు.

అందరూ వసారాలో చాపల మీద కూర్చున్నాక, వినుకొండ వైపు నుంచి సైకిలు మీద ఒక కొత్త టీచరు వచ్చాడు. పేరు మస్తాన్‌రావు. ఉద్యోగంలో చేరి నెలే అయింది. చొక్కా చెమటకు తడిసిపోయింది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకు ఆటలేం రావండీ. నా బళ్ళో అన్నీ చెడిపోతన్నాయి. నన్ను చేర్చుకుంటారా?"

అందరూ ఒక్కసారి ఎస్తేరు వంక చూశారు. ఆమె చాప మీద జరిగి చోటిచ్చింది.

"ముందు మంచినీళ్ళు తాగు నాయనా," అంది. "తర్వాత మొట్టమొదట ఏది చెడిందో చెప్పు. మాస్టారూ, మీరు కాగితం తీసుకోండి. ఈ అబ్బాయిది జపాను పోవాలి."